ప్రజాధనం కానుక కాదు, అమానతు

దైవప్రవక్త ముహమ్మద్ (స) అజ్ద్ తెగకు చెందిన ఇబ్నుల్ లుత్‌బియ్యా అనే వ్యక్తిని బనూ సులైమ్ తెగవారి నుంచి జకాత్ వసూలు చేయడానికి నియమించారు. ఆయన పని ముగించుకొని మదీనా చేరుకొన్నాక, తెచ్చిన సొమ్మును రెండు భాగాలు చేశారు. ఇది మీకు చెందినది, ఇది జనం నాకు కానుకగా ఇచ్చినది అని విన్నవించారు. ప్రవక్త (స) ఆ మాటను అంగీకరించలేదు. ఆయన ఒక్కరితో చెప్పి ఊరుకోనూ లేదు. మింబర్‌పై నిలిచి ప్రజలందరి ఎదుట ఆ విషయాన్ని ప్రస్తావించారు. ఆ మనిషి తన తల్లిదండ్రుల ఇంట్లోనే కూర్చొని ఉంటే ఆ కానుకలు అతణ్ణి వెదుక్కుంటూ వచ్చేవా అని ప్రశ్నించారు. అలా తీసుకొన్న ప్రతి వస్తువునూ ప్రళయదినాన మెడపై మోసుకొని రావలసి ఉంటుందని హెచ్చరించారు. బుఖారీ, ముస్లిమ్ హదీసు గ్రంథాలు రెండింటిలోనూ ఈ సంఘటన నమోదై ఉంది.

ఆ ప్రశ్న వేసి పద్నాలుగు శతాబ్దాలు గడిచాయి. ప్రజాధనాన్ని మింగేవారు చెప్పుకొనే సాకు మాత్రం మారలేదు. దొంగతనం ఎన్నడూ దొంగతనమన్న పేరుతో రాదు. కానుక, విరాళం, కమిషన్, మామూలు అన్న మర్యాదైన పేర్లతోనే గడప దాటి వస్తుంది. ప్రభుత్వాలు అప్పుడప్పుడు అవినీతిపై ఉక్కుపాదం మోపుతామని ప్రకటిస్తాయి. దాడులు జరుగుతాయి, నోట్ల కట్టల చిత్రాలు పత్రికల్లో వస్తాయి. ప్రజలు నాలుగు రోజులు చర్చించుకొని మరచిపోతారు. అయితే ఒక ప్రక్షాళన నిజమైనదా, కంటితుడుపుదా అని తేల్చుకోవడానికి ప్రవక్త (స) చూపిన గీటురాయి మన చేతిలోనే ఉంది. సొమ్ము ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నను ఎంతటివారినైనా, అందరి ఎదుటా అడగగలగడమే ఆ గీటురాయి. ముస్లిములు అధిక సంఖ్యాకులుగా ఉన్న మలేషియాలో గత పదేళ్లలో జరిగిన పరిణామాలు ఈ విషయాన్ని కళ్లకు కట్టిస్తాయి.

అభివృద్ధి పేరిట ఒక నిధి

2009లో మలేషియా ప్రభుత్వం '1మలేషియా డెవలప్‌మెంట్ బెర్హాద్' అనే సంస్థను నెలకొల్పింది. లోకమంతా దానిని వన్ ఎండీబీ అని పిలిచింది. విదేశీ పెట్టుబడులను రప్పించి, దేశాన్ని అభివృద్ధిపథంలో నడిపించడం దాని లక్ష్యమని చెప్పారు. నాటి ప్రధానమంత్రి నజీబ్ రజాక్ దాని సలహామండలికి అధ్యక్షులు. సంస్థ బాండ్ల ద్వారా వేల కోట్ల రూపాయల విలువైన అప్పులు చేసింది. ఆ అప్పుల భారం చివరకు ప్రజల ఖజానాపైనే పడింది. 2009కి, 2015కి నడుమ ఈ సంస్థ నుంచి 450 కోట్ల డాలర్లకు పైగా సొమ్ము దారి మళ్లిందని అమెరికా న్యాయశాఖ తన దావాల్లో పేర్కొంది. ఆ సొమ్ము చేతులు మారి విలాస భవనాలుగా, చిత్రపటాలుగా, ఒక భారీ విహారనౌకగా, హాలీవుడ్ చిత్రనిర్మాణానికి పెట్టుబడిగా రూపాంతరం చెందిందని తెలిపింది.

ఈ సంఖ్యలు సామాన్య పాఠకునికి ఆకాశంలో నక్షత్రాల వంటివి. నేల మీది లెక్క చూద్దాం. వన్ ఎండీబీకి ఒకప్పుడు అనుబంధంగా ఉన్న ఎస్‌ఆర్‌సీ ఇంటర్నేషనల్ అనే సంస్థ 400 కోట్ల రింగిట్లు అప్పు తీసుకొంది. ఆ అప్పు ఇచ్చినది ప్రభుత్వోద్యోగుల పింఛను నిధి. బడిలో పాఠాలు చెప్పిన ఉపాధ్యాయుడు, ఆసుపత్రిలో రాత్రిళ్లు మేల్కొన్న నర్సు వృద్ధాప్యంలో ఆధారపడే నిధి అది. ఇదే కాలంలో, 2015 ఏప్రిల్ 1 నుంచి, మలేషియా ప్రభుత్వం ప్రజలపై 6 శాతం వస్తుసేవల పన్ను విధించింది. ఒకవైపు అంగట్లో సరుకులు కొనే గృహిణి ప్రతి బిల్లుపైనా పన్ను చెల్లిస్తూ ఉంది. మరొకవైపు ఖజానా అడుగున పడిన రంధ్రం గుండా కోట్లు కారిపోతూ ఉన్నాయి. ప్రజాధనం మాయమైనప్పుడు ఆ లోటును పూడ్చేది ఎప్పుడూ పేదల పళ్లెమే.

ప్రశ్నించిన నోళ్లకు తాళాలు

2015 జూలైలో ఒక వార్త వెలువడింది. ప్రధానమంత్రి సొంత బ్యాంకు ఖాతాల్లోకి దాదాపు 70 కోట్ల డాలర్లు చేరాయన్నది దాని సారాంశం. అదే నెల చివర దర్యాప్తులో భాగస్వామిగా ఉన్న అటార్నీ జనరల్‌ను పదవి నుంచి తప్పించారు. అందుకు అనారోగ్యం కారణమన్నారు. వన్ ఎండీబీ విషయంలో బహిరంగంగా ప్రశ్నలు లేవనెత్తిన ఉపప్రధానికీ అదే రోజు ఉద్వాసన పలికారు. ఈ వ్యవహారంపై కథనాలు ప్రచురించిన 'ది ఎడ్జ్' పత్రిక ముద్రణను 3 నెలలపాటు నిలిపివేయాలని ఆదేశించారు. సంస్థ లెక్కలపై ఆడిటర్ జనరల్ రూపొందించిన నివేదికను 2016లో అధికార రహస్యంగా ప్రకటించారు. ప్రజల సొమ్ము లెక్క ప్రజలకే రహస్యమైంది.

ఆ కోట్ల డాలర్లకు చెప్పిన సమాధానం ఏమిటి? 2016 జనవరిలో కొత్త అటార్నీ జనరల్ ప్రధానికి నిర్దోషిత్వపత్రం ఇచ్చారు. ఆ 68.1 కోట్ల డాలర్లు సౌదీ రాజకుటుంబం ఇచ్చిన విరాళమని, అందులో అత్యధిక భాగాన్ని తిరిగి ఇచ్చివేశారని ప్రకటించారు. ఇబ్నుల్ లుత్‌బియ్యా పలికిన మాట మళ్లీ వినిపించింది. అయితే ఈసారి మింబర్‌పై నుంచి ఎదురుప్రశ్న రాలేదు. రావలసిన చోట్లన్నీ మూతపడి ఉన్నాయి.

ఇక్కడ మనం గుర్తించవలసిన సత్యం ఒకటి ఉంది. అవినీతి మొదట ధనాన్ని దోచుకొంటుంది. ఆ వెంటనే ధనాన్ని కాపాడే వ్యవస్థలను కబళిస్తుంది. ఖజానాను దోచుకొన్నవాడు నిశ్చింతగా నిద్రపోవాలంటే లెక్కలు చూసేవాడు, వార్త రాసేవాడు, తీర్పు చెప్పేవాడు నోరు మెదపకూడదు. అందుకే ఒక దేశంలో ఆడిట్ నివేదికలు బయటికి రావడం ఆగిపోయినప్పుడు, అక్కడి ప్రజలు తమ ఖజానా గురించి భయపడాలి.

తెరుచుకొన్న తలుపులు

2018 మే 9న జరిగిన ఎన్నికల్లో, 1957లో స్వాతంత్ర్యం వచ్చిన నాటి నుంచి అధికారంలో ఉన్న కూటమి తొలిసారి ఓడిపోయింది. నూతన ప్రభుత్వం దర్యాప్తును తిరిగి ప్రారంభించింది. నజీబ్‌తో సంబంధమున్న నివాసాల్లో పోలీసులు సోదాలు చేశారు. 12,000 ఆభరణాలు, 567 చేతిసంచులు, 423 గడియారాలు, 26 దేశాల కరెన్సీ దొరికాయి. వాటి మొత్తం విలువ 90 కోట్ల నుంచి 110 కోట్ల రింగిట్ల వరకు ఉంటుందని పోలీసులు అంచనా వేశారు.

ఆ రోజుల్లోనే మరో దృశ్యం కనిపించింది. దేశం అప్పుల్లో కూరుకుపోయిందని తెలుసుకొన్న సామాన్య ప్రజలు ప్రభుత్వం తెరిచిన 'తాబుంగ్ హరపాన్' అనే ఆశానిధికి చందాలు పంపసాగారు. 20 కోట్ల రింగిట్లకు పైగా పోగయ్యాయి. దోచుకొన్నది ఒకరు, తమ జేబులో నుంచి తీసి ఇచ్చినది మరొకరు!

తర్వాతి కథ న్యాయస్థానాల్లో నడిచింది. ఎస్‌ఆర్‌సీ కేసులో 4.2 కోట్ల రింగిట్ల వ్యవహారంలో నజీబ్‌ను హైకోర్టు 2020 జూలై 28న దోషిగా నిర్ధారించి, 12 ఏళ్ల జైలు, 21 కోట్ల రింగిట్ల జరిమానా విధించింది. అరబ్బు విరాళమన్న వాదనను న్యాయమూర్తి తిరస్కరించారు. 2022 ఆగస్టు 23న దేశ అత్యున్నత న్యాయస్థానం ఆ తీర్పును ఖాయం చేయడంతో, మాజీ ప్రధాని కజాంగ్ కారాగారానికి వెళ్లారు. 2025 డిసెంబరులో వన్ ఎండీబీ ప్రధాన కేసులోనూ మొత్తం 25 అభియోగాల్లో దోషిగా తేలారు. ఆ సొమ్ము మళ్లింపులో బాండ్ల విక్రయం నిర్వహించిన గోల్డ్‌మన్ శాక్స్ బ్యాంకు 2020లో మలేషియాతో 390 కోట్ల డాలర్ల ఒప్పందానికి వచ్చింది. విహారనౌకను 12.6 కోట్ల డాలర్లకు విక్రయించి ఆ ధనాన్ని దేశానికి జమ చేశారు.

న్యాయం పేరు చెప్పి అన్యాయం చేయరాదన్న నియమమూ ఈ కథలో కనిపిస్తుంది. సోదాల్లో దొరికిన నగదులో దాదాపు 11.4 కోట్ల రింగిట్లకు నేరంతో సంబంధం రుజువు కాలేదని 2021లో న్యాయస్థానం తేల్చింది. ఆ మొత్తాన్ని జప్తు చేయడానికి నిరాకరించింది. పత్రికల్లో నోట్ల కట్టల చిత్రం చూసి తీర్పు చెప్పివేసే మనకు ఇదొక పాఠం. ఆరోపణ చేసేవాడు సాక్ష్యం చూపాలన్నది ఇస్లామీయ న్యాయసూత్రం. పాలకుని కోపంతో మొదలై పాలకుని కోపంతోనే ముగిసే దాడులను న్యాయమనలేము. సాక్ష్యంతో, బహిరంగ విచారణతో, అప్పీలు చేసుకొనే హక్కుతో సాగినప్పుడే ప్రక్షాళనకు విలువ.

ఇంటి గడప దగ్గర ఆగవలసిన సొమ్ము

ఒక అధికారి చేసే అవినీతి అతని ఒక్కడి కడుపులోకే పోదు. అది ఇంటికి వస్తుంది. పట్టుచీరగా, పిల్లల కళాశాల రుసుముగా, పెళ్లిమండపంగా మారుతుంది. మలేషియాలో సరవాక్ రాష్ట్రపు మారుమూల ప్రాంతాల్లోని 369 పాఠశాలలకు సౌరవిద్యుత్తు అందించడానికి 125 కోట్ల రింగిట్ల పథకం తలపెట్టారు. ఆ కాంట్రాక్టు విషయంలో లంచం అడిగి, 65 లక్షల రింగిట్లు పుచ్చుకొన్నారన్న అభియోగంపై నజీబ్ సతీమణిని 2022 సెప్టెంబరు 1న హైకోర్టు దోషిగా ప్రకటించింది. ఆమె ఆ తీర్పుపై అప్పీలు చేసుకొన్నారు. తుది తీర్పు ఏదైనప్పటికీ, అడవుల నడుమ చీకటి గదుల్లో చదువుకొనే పిల్లలకు వెలుగునిచ్చే పథకం కోర్టులకెక్కడం ఎంత విషాదం!

ఇస్లామీయ చరిత్ర మనకు మరో గృహిణిని చూపుతుంది. హిజ్రీ 99లో ఖిలాఫత్ బాధ్యత స్వీకరించిన హజ్రత్ ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మ), పూర్వపాలకుల కుటుంబాలు అక్రమంగా చేజిక్కించుకొన్న ఆస్తులను వాపసు చేయించే మహత్కార్యాన్ని తలకెత్తుకొన్నారు. దానిని ఆయన శత్రువుల ఇంటి నుంచి మొదలుపెట్టలేదు. తన సొంత భూముల పత్రాలతో మొదలుపెట్టారు. తర్వాత భార్య ఫాతిమా వద్ద ఉన్న అపురూపమైన ఆభరణం వంతు వచ్చింది. అది ఆమెకు తండ్రి ఖలీఫా అబ్దుల్ మలిక్ ఇచ్చినది. దానిని బైతుల్ మాల్‌కు అప్పగించడమో, తమ ఇద్దరి ఎడబాటో ఎంచుకొమ్మని ఆయన ఆమెను కోరినట్లు చరిత్రకారులు రాశారు. ఆ ఖలీఫా పుత్రిక, ఖలీఫాల సోదరి, మరో ఆలోచన లేకుండా ఆభరణాన్ని వదులుకొన్నారు. భర్త మరణానంతరం ఆమె సోదరుడు యజీద్ ఖలీఫా అయి దానిని తిరిగి ఇవ్వబోతే, ఆయన బ్రతికి ఉండగా వదులుకొన్నదానిని ఆయన పోయాక తీసుకోనని నిరాకరించారు.

ఆ దంపతుల కథలో మన ఇళ్లకు ఒక సందేశముంది. జీతమెంతో భార్యకు తెలుసు. ఇంటికి వస్తున్నదెంతో ఆమెకు తెలుసు. ఆ రెంటికీ నడుమ పొంతన లేనప్పుడు ఆమె మౌనం ఒక అంగీకారమే. పొరుగింటివారికి కారు ఉంది, మనకేదీ అని రోజూ వినిపించే ఇంట్లో నిజాయితీగల ఉద్యోగి ఎన్నాళ్లు నిలబడగలడు? అదే ఇల్లు, ఉన్నదాంట్లో సర్దుకుందాం గానీ హరామ్ ముద్ద మాకు వద్దని అంటే, ఏ అవినీతి నిరోధక శాఖా చేయలేని పని అక్కడ జరుగుతుంది.

బలవంతునికి ఒకటి, బలహీనునికి ఒకటి

మఖ్‌జూమ్ తెగకు చెందిన ఒక ఉన్నత కుటుంబ స్త్రీ దొంగతనం చేసినప్పుడు, ఆమె తరఫున సిఫారసు చేయడానికి హజ్రత్ ఉసామా (రజి)ను పంపారు. ప్రవక్త (స) తీవ్రంగా ఆగ్రహించారు. గొప్పవాడు దొంగిలిస్తే వదిలిపెట్టి, బలహీనుడు దొంగిలిస్తే శిక్షించడం వల్లనే పూర్వ జాతులు నాశనమయ్యాయని ప్రకటించారు. తన కుమార్తె విషయంలోనైనా న్యాయం అదేనని స్పష్టం చేశారు.

మలేషియా ఈ పరీక్షలో సగమే నెగ్గింది. ఒక మాజీ ప్రధానిని జైలుకు పంపడం సామాన్య విషయం కాదు. అయితే 2024 ప్రారంభంలో క్షమాభిక్ష మండలి ఎస్‌ఆర్‌సీ కేసులోని 12 ఏళ్ల శిక్షను 6 ఏళ్లకు, 21 కోట్ల జరిమానాను 5 కోట్లకు తగ్గించింది. బియ్యం దొంగిలించిన పేదవానికి ఏ మండలి ఇంత కనికరం చూపుతుందని అక్కడి ప్రజలు ప్రశ్నించుకోవడం సహజమే.

ఇండోనేషియా అనుభవమూ గమనించదగినది. అక్కడ 2002 నాటి చట్టంతో ఏర్పడిన అవినీతి నిర్మూలన సంఘం 'కేపీకే' మంత్రులను, గవర్నర్లను సైతం బోనెక్కించింది. 2020 డిసెంబరులో సాంఘిక సంక్షేమ మంత్రి జులియారీ బటుబారాను అరెస్టు చేసింది. కరోనా కాలంలో పేదలకు పంచే ఆహారపు పొట్లాల కాంట్రాక్టుల్లో ముడుపులు పుచ్చుకొన్నారన్నది నేరం. 2021 ఆగస్టులో ఆయనకు 12 ఏళ్ల శిక్ష పడింది. కానీ అంతకు ముందే, 2019లో, ఆ సంఘపు స్వతంత్రతను కుదించే చట్టసవరణ జరిగింది. వేలాది విద్యార్థులు వీధుల్లోకి వచ్చి నిరసన తెలిపినా అది ఆగలేదు. బాగా పనిచేసే కాపలాదారుకే ముందుగా సంకెళ్లు పడతాయి. అప్పుడు అతని పక్షాన నిలవడం ప్రజల బాధ్యత.

తెలుగునేలపై ఒక వెలుగు

ఇది ఎక్కడో పరదేశాల గొడవ అనుకోనక్కర లేదు. ప్రజలే లెక్కలు అడిగే ఒక పద్ధతి మన తెలుగునేలపైనే వేళ్లూనింది. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలోని 17వ సెక్షన్ గ్రామసభ ద్వారా సామాజిక తనిఖీ జరగాలని చెప్పింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006 నుంచి దానిని ఆచరణలో పెట్టి, 2009లో అందుకోసం ఒక ప్రత్యేక సొసైటీని నెలకొల్పింది. కూలీ కుటుంబాల నుంచి వచ్చిన యువతీయువకులకు శిక్షణనిచ్చారు. వారు మస్టర్లు చేతబట్టుకొని ఇంటింటికీ వెళ్లి, ఇన్ని రోజులు పని చేశావా, ఇంత కూలి అందిందా అని అడిగారు. తవ్విన కాలువను కొలిచారు. చనిపోయినవారి పేరిట, ఊరు విడిచినవారి పేరిట కూలి కాజేసిన ఉదంతాలు వెలికి వచ్చాయి. మండల కేంద్రంలో జరిగే ప్రజావేదికలో అధికారుల ఎదుటే ఆ లెక్కలు చదివి వినిపించారు. నిరక్షరాస్యురాలైన ఒక కూలిమనిషి మైకు పట్టుకొని, ఈ వేలిముద్ర నాది కాదని చెప్పగలిగే చోట అవినీతి వణుకుతుంది.

ఈ పద్ధతికి లోపాలూ ఉన్నాయి. బయటపడిన స్వాహాతో పోలిస్తే తిరిగి వసూలైన సొమ్ము తక్కువే. సస్పెండైనవారు కొన్నాళ్లకు మళ్లీ కుర్చీల్లో కూర్చున్నారు. అయినప్పటికీ, లెక్క అడగడం ప్రజల హక్కన్న స్పృహ పల్లెల్లో నాటుకొంది. ద్వితీయ ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) అధికారులను నియమించేటప్పుడే వారి ఆస్తులను రాసి ఉంచేవారు. తర్వాత అవి అసాధారణంగా పెరిగితే, పెరిగినదానికి లెక్క అడిగి బైతుల్ మాల్‌కు జమ చేయించేవారు. అధికారులపై వచ్చే ఫిర్యాదులను విచారించడానికి హజ్రత్ ముహమ్మద్ బిన్ మస్లమా (రజి)ను పంపేవారు. ఆ స్ఫూర్తికి నేటి రూపాలే ఆడిట్లు, సమాచార హక్కు చట్టం, సామాజిక తనిఖీలు.

మనం చేయవలసినది

ఆలి ఇమ్రాన్ సూరా 161వ ఆయత్ ద్రోహంగా దాచుకొన్న సొమ్ముతో సహా ప్రళయదినాన హాజరు కావలసి ఉంటుందని హెచ్చరిస్తోంది. బఖరా సూరా 188వ ఆయత్ పరుల సొమ్ము కాజేయడానికి అధికారులకు ధనం ఎర చూపడాన్ని నిషేధిస్తోంది. అంటే పుచ్చుకొనేవాడే కాదు, ఇచ్చేవాడూ దోషే. మన దేశంలో 2018లో సవరించిన అవినీతి నిరోధక చట్టం కూడా లంచం ఇవ్వడాన్ని నేరంగా పరిగణిస్తోంది. ఒత్తిడికి లోనై ఇవ్వవలసి వచ్చినవారు 7 రోజుల్లోగా ఫిర్యాదు చేస్తే వారికి రక్షణ ఉంటుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అవినీతి నిరోధక శాఖకు 1064 నంబరులో ఫోను చేయవచ్చు. పని త్వరగా కావాలని కవరు అందించి, తర్వాత దేశం పాడైపోయిందని వాపోయే హక్కు మనకు లేదు.

ప్రభుత్వాన్ని లెక్క అడిగే ముందు మన వాకిలి ఊడ్చుకోవాలి. మస్జిద్ కమిటీ, మదరసా, జకాత్ నిధి, ఖబరస్తాన్ మరమ్మతు చందా, వక్ఫ్ దుకాణాల అద్దె ఇవన్నీ ప్రజాధనాలే. వీటి ఆదాయవ్యయాలను నెలకొకసారి మస్జిద్ గోడపై అంటించడానికి ఏ చట్టమూ అడ్డురాదు. లెక్క అడిగిన యువకుణ్ణి, పెద్దలనే అనుమానిస్తావా అని గద్దించడం మన సంప్రదాయం కాదు. బాధ్యత అప్పగించబడినవాడు ఒక సూదిని దాచినా అది ద్రోహమేనని ప్రవక్త (స) చెప్పారు. లెక్క చూపడం అవమానం కాదు, అమానతుదారునికి రక్షణ.

ఉద్యోగులైన సోదర సోదరీమణులు ప్రతి కానుక ముందూ ఆ పాత ప్రశ్ననే వేసుకోవాలి. నేను ఈ కుర్చీలో లేకుండా మా అమ్మానాన్నల ఇంట్లో కూర్చొని ఉంటే ఇది నా దగ్గరికి వచ్చేదా? రాదన్న జవాబు వస్తే దానిని గుమ్మం దగ్గరే ఆపివేయాలి. దేశాల ప్రక్షాళనలు ఎన్నికలతో రావచ్చు, పోవచ్చు. శిక్షలు సగానికి తగ్గవచ్చు. ఏ మండలీ తగ్గించలేని విచారణ ఒకటి మిగిలే ఉంది. ఆనాడు మెడపై బరువు లేకుండా నిలిచే భాగ్యాన్ని, ఇంటిల్లిపాదికీ హలాల్ ఉపాధితో తృప్తిపడే మనసును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.